గుట్టను చుట్టి వెళ్ళిన జాడ

మట్టికి అప్పగించినదాన్ని మట్టి తిరిగి ఇవ్వదన్న నమ్మకంతోనే ఎస్కో అరవై ఏళ్ళు బ్రతికాడు. గడచిన వారం పెరటిలోని తడిమట్టి ఆ నమ్మకాన్ని చెరిపివేసింది.

ఆకురాలు కాలంలో అతని ఒక్కగానొక్క కొడుకు లౌరి, ఇంటి వెనుక రిమోట్ కార్ల పందేల కోసం తాను కట్టుకుంటున్న మట్టి ట్రాక్ మీదనే, పార చేతిలో ఉండగానే, గుండె ఆగి పడిపోయాడు. అతను ప్రాణంగా చూసుకున్న పసుపుపచ్చని కారును శవపేటికలో కాళ్ళ దగ్గర ఉంచానని తల్లి ఐలా అందరితో చెప్పింది. మంచు కరిగాక, సగంలో ఆగిన ట్రాక్‌ను తండ్రి చేపట్టాడు. ఐలా ఆలుగడ్డలు వేసుకునే మడి మొత్తం దానికింద పోయింది. నడివేసవి పండుగకు ముందు వచ్చే శనివారం లౌరి స్నేహితులు అతని పేర అక్కడ పందెం జరుపుతామన్నారు. మలుపులు తీరాయి. దారికి ఇరువైపులా ముడతల ప్లాస్టిక్ గొట్టాలు హద్దులుగా కూర్చున్నాయి. ఆడేవాళ్ళు నిలబడి కార్లను నడిపించడానికి కొయ్యమంచె లేచింది. మిగిలినది కార్లు ఎగిరి దూకవలసిన మొదటి గుట్ట ఒక్కటే.

లౌరి తన చేతులతో చివరగా పోసిన గుట్ట అది. దాని అంచు మరీ నిటారుగా లేచిపోయింది. స్నేహితులు తమ కార్లతో ప్రయత్నించి చూశారు. ఎగిరిన ప్రతి కారూ ముక్కు వంచి నేలను పొడుచుకుంది. తీసివేసి మళ్ళీ పోయవలసిందేనని అందరూ తేల్చారు. కాని ఎస్కో పార పట్టుకున్నప్పుడల్లా ఐలా వచ్చి గుట్టకు అడ్డంగా నిలబడింది. ఎందుకని అడిగితే పెదవి విప్పలేదు.

ఇంతలో జాడలు మొదలైనాయి.

పందెపు కారు టైర్ల నిండా చిన్న చిన్న రబ్బరు ముళ్ళుంటాయి. మలుపులో కారు పల్టీ కొట్టకుండా, ఎవరి చేతివాటానికి తగినట్టు వారు వాటిలో కొన్నిటిని కత్తిరించుకుంటారు. లౌరి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తల్లి గోళ్ళ కత్తెరతో, ముందు చక్రాల బయటి వరుసలో ఒక ముల్లు విడిచి ఒక ముల్లు తీసేవాడు. తడిమట్టి మీద ఆ వరుస పళ్ళూడిన దువ్వెనలా పడుతుంది. అలాంటి కోత మరెవరి టైర్లకూ లేదు. సాయంత్రం ఎస్కో ట్రాక్‌ను నునుపు చేసి పడుకుంటాడు. పొద్దున సరస్సులో వలలు చూసుకుని తిరిగివచ్చేసరికి ఆ దువ్వెన జాడ ట్రాక్ పొడవునా పరచుకుని ఉంటుంది.

అతను భయపడలేదు. ఎవరికీ చెప్పలేదు. పూర్వం ఒక రాజు సూర్యుని వెంట రథం తోలితే చక్రాలు కోసిన గాడులే సముద్రాలైనాయని మన పెద్దలు చెబుతారు. బెత్తెడు చక్రాలు గీసిన ఆ గాడులలో ఎస్కోకు అంతకన్న లోతు కనిపించింది. వచ్చినవాడు ఏ రూపంలో వచ్చినా, వచ్చాడు, అంతే చాలుననుకున్నాడు.

ఈ ఉదయం ఆ సంతోషం అతన్ని విడిచిపోయింది.

ఎందుకో ఈ ఉదయం అతను మోకాళ్ళ మీద కూర్చుని జాడను మొదటినుంచి చివరిదాకా వేలితో చదివాడు. బయలుదేరే గీత దగ్గర అది తిన్నగా ఉంది. మొదటి మలుపులో హద్దు గొట్టాన్ని ఒరుసుకుంది. గుట్ట దగ్గరకు వచ్చేసరికి వేగం తగ్గి, గొట్టాల మధ్య సందులోనుంచి పచ్చికలోకి దిగి, గుట్టను చుట్టి, ఆవలివైపున మళ్ళీ దారిలోకి ఎక్కింది. నిన్నటి జాడా అంతే, మొన్నటిదీ అంతే. అప్పుడు చూడలేదు, ఇప్పుడు తలచుకుంటే కళ్ళకు కడుతున్నది.

లౌరి పసివాడై ఉన్నప్పుడు కూడా ఎదురుగా ఎత్తు కనిపిస్తే పక్కకు తప్పుకున్న పిల్లవాడు కాడు. గుట్టను చుట్టి వెళ్ళినవాడు లౌరి కాడు. మరి ఆ గుట్టను అంత జాగ్రత్తగా కాచుకునేవారు ఈ ఇంట ఎవరు? సమాధానం దొరికిన క్షణంలోనే కొడుకు రెండవసారి చనిపోయినట్టయింది.

మధ్యాహ్నం దాటాక అతను రోలరు లాగి జాడలన్నిటినీ చెరిపివేశాడు. దుమ్ము లేవకుండా, టైరుకు పట్టు దొరికేటట్టు, చక్కెర మడ్డి కలిపిన నీళ్ళు ట్రాక్ అంతటా చల్లాడు. గుట్ట మీద మాత్రం వట్టి నీళ్ళే పోశాడు, పార దిగడానికి. మన వైపు పోయినవారి పేరు చెప్పి నువ్వులతో నీళ్ళు వదులుతారు. ఎస్కో పుట్టిన వైపు ఆ ఆచారం లేదు. అయినా రెండవ బాల్చీ వంపేటప్పుడు అతని పెదవులు కదిలాయి.

కంచె అవతల పొరుగువాడు హన్ను టోపీ వెనక్కు నెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమోయ్ ఎస్కో, మీ ఆవిడ ఆలుగడ్డల మడి మింగేశావు. ఇప్పుడు దానికి పాకం కూడా పట్టిస్తున్నావా? చలికాలమంతా మట్టుండలే తింటారా ఏంటి మొగుడూ పెళ్ళాం?"

"పాకం పడితే మట్టి గట్టిపడుద్ది."

"కందిరీగలు కూడా పడతాయి."

"నీకన్నా అవే నయం. కుట్టేసి పోతాయి. కంచె పట్టుకుని పొద్దంతా నిలబడవు."

హన్ను నవ్వబోయి, గుట్టకు ఆనించి ఉన్న పారను చూసి ఆగిపోయాడు. "ఇవాళే తీసేస్తున్నావా?"

"నీళ్ళు ఇంకగానే."

"ఐలాకి చెప్పావా?"

ఎస్కో బాల్చీ బోర్లించి, దాని అడుగున చేత్తో రెండుసార్లు తట్టాడు.

"సరే, నేను ట్రాక్టరేసుకుని చర్చి ఉన్న ఊరికి పోతున్నా. ఇవాళ మీ ఇంటికి ఎంత దూరంగా ఉంటే నాకు అంత ఆరోగ్యం," అన్నాడు హన్ను. అతని ట్రాక్టరు చప్పుడు అడవి దారిలో సన్నగిల్లి ఆగిపోయేదాకా ఎస్కో అక్కడే నిలుచున్నాడు. ఇక ఆ దారిలో మనిషి అలికిడి లేదు. ట్రాక్ అద్దంలా నునుపుగా, చిన్న గీత కూడా లేకుండా, ఎండలో మెరుస్తున్నది. అతను దానిని మొదటినుంచి చివరిదాకా మరొకసారి చూసుకుని, బూట్లు గుమ్మం దగ్గర విడిచి, ఇంట్లోకి నడిచాడు.

వంటింట్లో ఏలకుల రొట్టెల వాసన నిండి ఉంది. ఐలా కాఫీ పోసి, కప్పు అతని ముందుకు జరిపింది. ఆమె చేతులకు పిండి అంటి ఉంది. ఆ చేతులకేసి అతను కొంతసేపు చూశాడు.

"కారు ఎక్కడ పెట్టావు?"

"ఏ కారు?"

"ఐలా."

"కాఫీ చల్లారిపోద్ది."

"చల్లారనీ. కారు."

ఆమె పిండి చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకుంది. తరువాత పొయ్యి పక్కన ఉన్న కట్టెల పెట్టె ముందు కూర్చుని, బిర్చి చెట్టు కట్టెలను ఒక్కొక్కటిగా తీసి నేలమీద పేర్చి, అడుగునుంచి ఆవిరిస్నానపు గదిలో వాడుకునే తువ్వాలు మూటను పైకెత్తింది. రొట్టెల పళ్ళెం పక్కన దాన్ని విప్పింది. పసుపుపచ్చని కారు. దాని పక్కనే, కారును నడిపే రిమోట్. చక్రాల ముళ్ళ మధ్య ఈ ఉదయపు మట్టి ఎండి తెల్లబడింది.

ఎస్కో దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే నిజమవుతుందేమోనన్నట్టు, చేతులు రెండూ బల్లకింద పెట్టుకున్నాడు.

"పెట్టెలో పెట్టానన్నావు. వాడి కాళ్ళ దగ్గర."

"పెట్టాను. మూత వేసే ముందు తీసేశాను." ఐలా కుర్చీలో కూర్చుంది. "అదీ పోతే ఇంక ఇంట్లో వాడి చప్పుడంటూ ఏదీ ఉండదనిపించింది. దాని బదులు నేను అల్లిన ఊలు మేజోళ్ళు పెట్టా. వాడి కాళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి కదా."

"నువ్వు తిప్పుతున్నావు దాన్ని."

"నువ్వు వలల దగ్గరికి పోయాక."

"నీకు చేతకాదు."

"చేతకాదు. మొదటిరోజు గొట్టానికి గుద్దించా, తర్వాత మంచె కాలికి గుద్దించా. వాడైతే కడుపు పట్టుకుని నవ్వేవాడు." ఆమె కారు మీద గోటితో ఎండిన మట్టిని గీకింది. "నాకు తిప్పడం ఎందుకు ఎస్కో? ఆ సన్నటి రొద వినాలనిపించి. ఈ కిటికీలోంచి అన్నేళ్ళు ఆ రొద వినీ వినీ, కాస్త ఆపరా నాయనా అని అరిచి అరిచి..."

కిటికీ దగ్గర ఎక్కడో కందిరీగ సన్నగా రొద పెట్టింది. ఎస్కో చూడకుండానే చేత్తో విదిలించాడు.

"నీ పాకం మహిమ," అంది ఐలా. "ఇల్లంతా అవే."

"నేను వాడే వస్తున్నాడనుకున్నా."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?" అతని గొంతు పెరగలేదు, పెరిగి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. "ముసలాడు మోకాళ్ళ మీద పాకుతూ మట్టి తడుముకుంటుంటే, కిటికీలోంచి చూస్తూ రొట్టెలు కాల్చుకుంటున్నావా?"

"చూశాను. ఆ జాడలు చూసి లోపలికొచ్చి రెండో కప్పు కాఫీ అడిగేవాడివి. వాడు పోయినప్పటి నుంచి నువ్వు రెండో కప్పు ఎప్పుడు అడిగావు చెప్పు? అడగలేదు. ఆ జాడలు మొదలైన రోజు అడిగావు. మర్నాడూ అడిగావు. ఇంక నేను మానుకోలేకపోయాను. మొదట నాకోసం తిప్పాను. తర్వాత తిప్పింది నీ కాఫీ కోసమే."

ఎస్కో తలవంచుకున్నాడు. అబద్ధం చెప్పినవారిని క్షమించడం ఎలాగో అతనికి తెలుసు. దయతో అబద్ధం చెప్పినవారిని ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. కందిరీగ రొద దగ్గరికి వచ్చి, ఒక్కసారి హెచ్చి, తెగిపోయింది. ఏదో మెత్తనిదాని మీద వాలినట్టు చిన్న చప్పుడు. అతను మళ్ళీ చేయి విదిలించాడు.

"గుట్టని ఎందుకు తప్పించావు? ఎక్కించలేకా?"

ఆమె రొట్టెల పళ్ళెం అతని ముందుకు జరిపింది.

"ఇంకో గడియలో పార వేస్తున్నా దానిమీద. నీళ్ళు పోసి వచ్చా. ఈసారి నువ్వు అడ్డం నిలబడినా తవ్వుతాను. శనివారం ఆ పిల్లలు వస్తారు. వాడి పేరు చెప్పి పందెం పెట్టి, వాడి గుట్ట మీదే అందరి కార్లూ ముక్కు పగలగొట్టుకుంటే బాగుంటుందా? చెప్పు, ఎందుకు తవ్వొద్దో చెప్పు."

"ఆ గుట్టలో వాడి చెయ్యి ఉంది."

బయట చెట్ల మీద గాలి లేదు. పొయ్యిలో ఒక కట్టె విరిగి కూలింది.

"ఏమన్నావు?"

"చెయ్యంటే... అచ్చు. కుడి చెయ్యి." ఐలా తన అరచేతిని బల్ల మీద పిండిలో ఆనించి, మెల్లగా ఎత్తింది. ఐదు వేళ్ళూ తెల్లగా మిగిలాయి. "నువ్వు ఆ రోజు సరస్సు మీద ఉన్నావు. నేను చూసేసరికి వాడు గుట్ట వెనక వాలు మీద బోర్లా పడి ఉన్నాడు. మట్టి పచ్చిగా ఉంది. అంబులెన్సు వాళ్ళు వచ్చి వాణ్ణి ఎత్తుకుపోయాక అక్కడ చూస్తే చెయ్యి అలాగే ఉంది. గీతలతో సహా. చూపుడువేలికి చిన్నప్పుడు గాలం దిగిన మచ్చతో సహా. సాయంత్రం వాన మొదలైంది. వాన తగిలితే పోతుందని ఇంట్లోకి పరిగెత్తి, చేతికి దొరికింది బోర్లించి, పైన మట్టి కప్పేశాను."

"ఏం బోర్లించావు?"

"గాజు పళ్ళెం. చేపలు కాల్చేది."

చలికాలంలో ఆ పళ్ళెం ఏదని అతను అడిగాడు. పగిలిపోయిందని ఆమె చెప్పింది. అంత చిన్న అబద్ధం చుట్టూ ఆ ఇంట అన్ని నెలలు గడిచాయి. ఎస్కో లేవబోయి, బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ గుట్ట మీద తాను ఇప్పుడే రెండు బాల్చీల నీళ్ళు కుమ్మరించి వచ్చాడు. పార అక్కడే ఆనించి ఉంది. ఐలా ఇవాళ కూడా నోరు విప్పకపోయి ఉంటే, కొడుకు భూమి మీద విడిచిన చివరి ముద్రను తన చేతులతోనే ముక్కలు చేసి ఉండేవాడు.

"ముందే చెప్పొచ్చు కదే."

"చెబితే తవ్వి చూస్తావు. చూస్తే గాలి తగులుద్ది, ఎండుద్ది, బీటలేస్తుంది. ఏదైనా ఉందని తెలిశాక చూడకుండా ఉండడం నీకు చేతకాదు ఎస్కో. వాడికీ చేతకాదు." చాలా రోజుల తరువాత ఆమె ముఖంలో నవ్వులాంటిది కదిలింది. "మూసి ఉన్నంతకాలం అక్కడ ఉంటాడు. అంతే నా లెక్క."

"మట్టి నానిపోయి ఉంటుంది. పళ్ళెం కిందికి నీళ్ళు దిగితే..."

"అదే నాకూ భయం వేస్తోంది." ఐలా లేచి, కారును తువ్వాలుతో సహా ఎత్తి, రెండు చేతులా పట్టుకుంది. "పద. ఇద్దరం చూద్దాం. ఒకే ఒక్కసారి. ఆ తర్వాత గుట్ట జోలికి పోనని మాటివ్వు."

"నీ ఇష్టం."

"నా ఇష్టం కాదు. మాట."

"మాట," అన్నాడు ఎస్కో.

వాళ్ళు వెనుక గుమ్మం దాటారు. ఎస్కో బూట్లు తొడుక్కోలేదు. ఐలా ముందు నడిచింది, దీపం ఆరకుండా పట్టుకున్న మనిషిలా కారును గుండెకు ఆనించుకుని. మంచె దగ్గరకు రాగానే ఆమె ఆగింది. ఎస్కో ఆమె భుజం మీదుగా చూశాడు.

అద్దంలా విడిచి వెళ్ళిన ట్రాక్ మీద, బయలుదేరే గీత దగ్గరినుంచి, రెండు గాడులు పడి ఉన్నాయి.

మొదటి మలుపులో అవి హద్దు గొట్టానికి వెంట్రుకవాసి దూరంలో తిరిగాయి, ఎక్కడా ఒరుసుకోలేదు. బయటి అంచున పళ్ళూడిన దువ్వెన గుర్తు స్పష్టంగా ఉంది. గాడుల అడుగున తడి ఇంకా మెరుస్తున్నది. అవి పచ్చికలోకి దిగలేదు. గుట్టకు ఎదురుగా తిన్నగా వచ్చి, నానిన మట్టిని లోతుగా కోసుకుంటూ పైకి ఎక్కి, నిటారు అంచు దగ్గర ఆగిపోయాయి.

ఎస్కో గుట్ట పక్కగా నడిచాడు. వెనక వాలు మీద, చేయి ఉన్నదని ఐలా చెప్పిన చోట, మట్టి నలగలేదు. నీళ్ళు ఇంకిన నునుపు అలాగే ఉంది. దానికి చాలా ఆవల, చదును మీద, నాలుగు గుంటలు. నాలుగూ ఒకే లోతు. ముక్కు వంగలేదు. లౌరి స్నేహితులలో ఒక్కరికీ చేతకాని దిగుడు అది. గాలిలో ఉండగా చక్రాలను ఒక్క విసురు తిప్పితే ముక్కు లేస్తుందనీ, గుట్టలో తప్పేమీ లేదనీ, తప్పంతా రిమోట్ నొక్కే వేలిదేననీ, గుట్టకు మొదటి తట్ట మట్టి పోసిన రోజున కొడుకు చెప్పాడు. ఆనాడు ఎస్కో సగమే విన్నాడు.

అక్కడినుంచి గాడులు మిగిలిన దారినంతా చుట్టి, మంచె కిందికి వచ్చి, ఆట ముగిశాక కారును ఎత్తుకునే చోట నిలిచిపోయాయి. అక్కడ కారు లేదు. పచ్చికలోకి వెళ్ళిన అడుగు లేదు. కంచె అవతల దారి ఖాళీగా ఉంది.

అతను వెనక్కి తిరిగి ఐలా చేతుల్లో ఉన్న కారు చక్రాన్ని బొటనవేలితో నొక్కాడు. ఎండిన మట్టి పెళుసుగా పగిలి, ఆమె చేతిమీద పొడిలా రాలింది.

"ఇవాళ పొద్దున తిప్పాక మళ్ళీ నేను బయటికి తీయలేదు," అంది ఐలా. "నువ్వే చూశావు కదా, కట్టెల కింది నుంచి తీయడం."

"చూశాను. నేను రోలరు లాగాకనే లోపలికి వచ్చా."

ఆమె గుట్ట వైపు చూస్తూ ఉండిపోయింది. గాజు పళ్ళెం సంగతి ఇద్దరూ మరిచిపోయారు. లేక ఇద్దరికీ దాన్ని ఎత్తే ధైర్యం చాలలేదు.

"ఎస్కో," అంది చివరకు, చాలా నెమ్మదిగా, "వంటింట్లో నువ్వు చేత్తో విదిలించావే, ఆ కందిరీగ. దాన్ని కళ్ళతో చూశావా?"

"లేదు. నువ్వు?"

"నేనూ చూడలేదు."